పుదుచ్చేరిలో భాషాబోధనము – గురువులు నేర్చిన పాఠములు

పుదుచ్చేరి చూడవచ్చినవారు సముద్రతీరమును, ఫ్రెంచివారి వీధులను, ఆశ్రమమును చూచి మరలిపోవుదురు. ఈ పట్టణము రెండువందల యేండ్లకు పైగా ఒక పెద్ద భాషాపాఠశాలగా నుండినదన్న సంగతి వారి తలపునకు రాదు. ఇచట తమిళము పుట్టుభాష. ఫ్రెంచి ఏలినవారి భాష. రేవున చాలకాలము వర్తకము నడపినది వచ్చీరాని పోర్చుగీసు. పడమటి మండలములకు పోవువారికి తప్పనిసరియైనది తెలుగు. 1954 నవంబరు 1వ తేదీన పరిపాలన భారత ప్రభుత్వమునకు సంక్రమించి, 1962 ఆగష్టు 16న ఆ మార్పు చట్టరీత్యా పూర్తియైనపుడు పుదుచ్చేరి, కారైకాలు, మాహే, యానాము అను నాలుగు ఖండములు ఒక్క ప్రాంతముగా నిలిచెను. అందు యానాము గోదావరి యొడ్డున నున్న తెలుగు పట్టణము. మాహే మలయాళ తీరమున నున్నది. ఇట్టి ప్రాంతమున తరగతిలో అడుగిడక మునుపు భాషోపాధ్యాయునికి ఏమి తెలిసియుండవలెనన్న ప్రశ్న పండితగోష్ఠులకు మాత్రమే చెందినది కాదు; దినదినమును ఎదురగునట్టిది.

తెలుగు తెలిసినవాడెల్ల తెలుగు చెప్పగలడనుట లోకమున గట్టిగా పాతుకొనిన భ్రమ. మాతృభాష విషయమున ఈ భ్రమ మరియు హెచ్చు. దానిని ఎప్పుడు నేర్చితిమో, ఎట్లు నేర్చితిమో ఎవనికిని జ్ఞాపకముండదు. నేర్చిన జ్ఞాపకమే లేనిదానిని ఒకరికి నేర్పుట ఎట్లు? ఈ చిక్కు మొదట తెలిసివచ్చినది ఆ భాష పుట్టుకతో వచ్చినవారికి కాదు. నడివయసున పలక పట్టవలసివచ్చిన పరదేశీయులకు.

1688లో సయాము దేశమున తిరుగుబాటు కలుగగా, అచటినుండి వెడలిన ఫ్రెంచి జెసూయిట్ సన్న్యాసులు కొందరు పుదుచ్చేరి చేరిరి. పద్దెనిమిదవ శతాబ్దపు తొలినాళ్ల నుండి వారు ‘కర్ణాటక మిషను’ అను పేర పడమటి మెట్ట సీమలకు వ్యాపించిరి. ఆనాడు కర్ణాటకమనగా నేటి కన్నడ రాష్ట్రము కాదు. చోళమండల తీరమునకు వెనుకనున్న విశాల దేశము. పుంగనూరు మొదలగు తావులలో వారికి ఎదురైనది తెలుగు. మద్రాసులో ప్రొటెస్టంటు మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1728లోనే లాటిను భాషలో తెలుగు వ్యాకరణము రచించెను. అది వ్రాతప్రతిగానే యుండి, జర్మనీలోని హాలె నగరమున 1984లో గాని అచ్చు కాలేదు. రెండువందల యేబదియారేండ్లు! ప్రభుత్వ కచేరీలలో దస్త్రములు కదలుట ఆలస్యమని విసుగుకొనువారు ఈ లెక్కను ఒకమారు తలచుకొనవచ్చును.

ఈ సన్న్యాసులలో తెలుగువారు ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనదగినవాడు గాస్టన్ లొరాన్ కేర్దూ. 1691లో ఫ్రాన్సులోని బూర్జ్ పట్టణమున జన్మించి, 1732లో భారతదేశమునకు వచ్చెను. అప్పటి కాయన వయస్సు ఇంచుమించు నలుబదియొక్క యేండ్లు. అనగా తెలుగు ‘అ ఆ’లు దిద్దునాటికి ఆయన పెద్దవాడు, విద్వాంసుడు, లాటినులో దిట్ట. ఆయన తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువొకటి సంతరించెను. నిఘంటువు కూర్చినంత మాత్రమున అంత గొప్ప యేమని కొందరడుగవచ్చును. కేర్దూ పద్ధతి గమనింపదగినది. చోళమండల తీరపు రంగుల వస్త్రములపై ఐరోపాలో మోజు హెచ్చినపుడు, ఆ అద్దకపు పనిని గూర్చి 1742లో ఆయన ఒక దీర్ఘలేఖ స్వదేశమునకు పంపెను. అందలి సంగతులు గ్రంథములనుండి దించినవి కావు. ఆ పని చేయువారిని అడిగి తెలిసికొనినవి. వస్తువును చూచి, దానిని వాడువాని నోట దాని పేరు వినుట అను అలవాటు ఆయనకుండెను. భాష నేర్పబోవువాడు మొట్టమొదట అలవరచుకొనవలసిన గుణము బహుశః ఇదియే.

రెండవది అంతకంటె సూక్ష్మమైనది. తెలుగు, ఫ్రెంచి, సంస్కృతము – మూటిని ఒక్కచోట నిలిపిన వానికి ఏది తెలుగునకు పుట్టుకతో వచ్చినది, ఏది సంస్కృతమునుండి తెచ్చుకొన్నది అను విచారణ తప్పదు. తత్సమము, దేశ్యము అను భేదము మన వ్యాకర్తలకు ఎన్నడో తెలిసినదే. లాటిను చదివినవాని చెవికి ఆ తత్సమములలో మరియొక ధ్వని వినిపించెను. దానమునకు లాటినులో ‘దోనుమ్’, విధవకు ‘విదువ’. ఇట్టి సామ్యములు ఒకటి రెండు కాక వరుసగా ఎదురు కాగా, ఇది వర్తకమువలన కలిగిన అరువు కాదనియు, ఈ భాషలకు పూర్వకాలపు చుట్టరికము కలదనియు ఆయన ఊహించెను. 1767లో ఆ సంగతిని పారిసులోని విద్వత్పరిషత్సభ్యుడగు ఆబె బార్తెలెమీకి వ్రాసి పంపెను. సర్ విలియం జోన్సు కలకత్తాలో తన ప్రసిద్ధోపన్యాసము చేసినది 1786లో. కాని పుదుచ్చేరి లేఖ 1808 వరకు అచ్చు కానందున, లోకము ఆ కీర్తిని జోన్సునకే అప్పగించెను.

ఆ గొప్ప ఊహ పండిత వివాదమునుండి కాక, పరభాషను నేర్చి పరులకు నేర్పవలసివచ్చిన అవసరమునుండి పుట్టెననుకొనుటకు వీలున్నది. విద్యార్థి తలలో ముందే యున్న భాషకును, ఇప్పుడు చెప్పబోవు భాషకును నడుమ వంతెన ఎక్కడ పడునో వెదకువానికే అట్టి సామ్యములు కంటబడును. కేర్దూ చివరిదినములు సుఖమైనవి కావు. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని నేలమట్టము చేసిరి. 1773లో పోపు ఆయన సంఘమునే రద్దుపరచెను. 1779లో ఈ పట్టణముననే ఆయన కాలము చేసెను. హిందువుల ఆచారవ్యవహారములను గూర్చి ఆబె దుబువా పేర ప్రసిద్ధి కెక్కిన గ్రంథమునకు మూలము కేర్దూ వ్రాతలే యని సిల్వియా మూర్ అను ఫ్రెంచి పరిశోధకురాలు 1987లో నిరూపించెను. గురువు శ్రమ మరియొకరి పేర చెలామణి యగుట బడులలో కొత్త సంగతి కాదు.

సన్న్యాసులు ఇట్లు తంటాలు పడుచుండగా, అదే పట్టణమున భాషలను అవలీలగా వాడుచున్న మరియొక వర్గముండెను. వారు దుబాసీలు, అనగా రెండు భాషలవారు. డూప్లే కాలమున ముఖ్య దుబాసీగా నుండిన ఆనందరంగ పిళ్ళై (1709–1761) ఈ వర్గమునకు శిరోమణి. ఆయన 1736 నుండి తమిళమున వ్రాసిన దినచర్య చరిత్రకారులకు పెన్నిధి. పట్టణము ఆంగ్లేయుల వశమగు దినములలోనే, 1761 జనవరిలో, ఆయన మరణించెను. పిళ్ళై ఇంట తెలుగునకును పీట యుండెను. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథమును ఆయనకే అంకితమొసగి, దానికి ‘ఆనందరంగరాట్ఛందము’ అని పేరిడెను. తమిళుని పేర వెలసిన తెలుగు ఛందస్సు! తెలుగుపద్యమును రుచి చూడగల శ్రోత పుదుచ్చేరిలో నుండెననుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు.

దుబాసీకి భాష తెలియుటయేగాక, ఏ మాట ఎవరితో ఎట్లనవలెనో తెలియును. నవాబు వకీలుతో మాటలాడు తీరు వేరు, నేతగాండ్ర పెద్దతో మాటలాడు తీరు వేరు, గవర్నరుగారి సతీమణితో మాటలాడు తీరు వేరు. వ్యాకరణము తప్పినవానిని లోకము క్షమించును. మర్యాద తప్పినవానిని క్షమింపదు. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’ అనువానికి నడుమనున్న దూరము ఏ పట్టికలోను ఇమడదు. దానిని ఎరుగని గురువు శిష్యునకు మాటలు నేర్పి, అవమానములపాలు చేయును. ఈ జ్ఞానమంతయు దుబాసీల వద్ద నుండెను. కాని వారు దానిని ఎవరికిని నేర్పలేదు. నేర్పుటకు వారికి కారణమును లేదు. దొర భాష నేర్చినచో దుబాసీకి బ్రతుకుతెరువేది?

బడులు తరువాత వచ్చెను. గవర్నరు దెబాసాయెన్ ద రిష్మోన్ కాలమున, 1826లో కళాశాలయు, మరుసటి యేట గ్రంథాలయమును వెలసెను. కల్వే సుబ్బరాయ చెట్టియారు స్థాపించిన పాఠశాల 1877 నుండి స్థానిక బాలురకు ఆశ్రయమయ్యెను. తమిళ మహాకవి భారతిదాసన్ పుట్టినదీ పట్టణముననే, 1891లో. తమిళము చదివి, పదునెనిమిదేండ్ల ప్రాయమున, 1909లో, ప్రభుత్వపు బడిలో తమిళోపాధ్యాయుడై, 1946 వరకు ఆ వృత్తియందే యుండెను. 1908 నుండి పదేండ్లు సుబ్రహ్మణ్య భారతి ఇచట తలదాచుకొనుట ఆ యువకుని అదృష్టము. బడిలో పండితుల తమిళము, బయట భారతి నోట జనుల తమిళము – ఆయన రెంటిని ఎరిగెను. ఎరిగి, రెండవదానివైపు మొగ్గెను.

యానాము బాలుని స్థితి ఇంకొకటి. వాని ఇల్లు తెలుగు, ఊరు తెలుగు. ఉన్నతవిద్యకని పుదుచ్చేరికి వచ్చినచో తరగతి ఫ్రెంచి, వీధి తమిళము. వానికి భాష చెప్పు గురువులలో వాని తెలుగును లెక్కలోనికి తీసికొనినవారు ఎందరుందురు? 1965లో వెలువడిన అధికారభాషా చట్టము పుదుచ్చేరి ప్రాంతమునకు తమిళమును, యానామున తెలుగును, మాహేలో మలయాళమును అంగీకరించెను. చట్టము భాషకు పీట వేయగలదు. బోధన మాత్రము మనుష్యుల పని.

ఈ విషయమున పుదుచ్చేరితో ముడిపడిన ఉదంతములలో చక్కనిది శ్రీ అరవిందులది. 1872లో వంగదేశమున జన్మించిన ఆయనను ఏడేండ్ల ప్రాయమున తండ్రి ఇంగ్లాండుకు పంపెను. మాతృభాష నోట నిలువక మునుపే దూరమయ్యెను. పిమ్మట కేంబ్రిడ్జిలో సివిలు సర్వీసు అభ్యర్థిగా ఆయన బెంగాలీని పరభాషవలె నేర్వవలసివచ్చెను. నేర్పినవాడు టవర్స్ అను ఆంగ్లేయుడు. విద్యార్థులాయనను ‘పండిత టవర్స్’ అని పరిహాసమాడెడివారు. ఆ పండితుని బెంగాలీ ఈశ్వరచంద్ర విద్యాసాగరుని రచనలతో ముగిసెను. ఒకనాడు విద్యార్థులు బంకించంద్రుని వచనము కొంత చూపి అర్థమడుగగా, ఆయన దీర్ఘముగా ఆలోచించి, అసలు అది బెంగాలీ కానేరదని తీర్పు చెప్పెనట! ఈ ముచ్చటను అరవిందులే తరువాత పుదుచ్చేరిలో శిష్యులకు చెప్పి నవ్వించిరి. టవర్సును చూచి నవ్వుట సులభము. తన పాఠ్యపుస్తకము అచ్చైన నాటనే భాష నిలిచిపోయినదని తలచు గురువులు ప్రతి ఊరనూ కలరు.

ఆ లోపము తీరిన విధమును చెప్పదగినదే. 1893లో స్వదేశమునకు మరలి, బరోడా కళాశాలలో ఫ్రెంచిని, ఇంగ్లీషును బోధించుచుండిన అరవిందులు బెంగాలీ గ్రంథములను స్వయముగా చదివిరి. కాని నోటిభాష పట్టుబడలేదు. 1898లో రచయిత దీనేంద్రకుమార్ రాయ్ వచ్చి వారి ఇంటనే కాపురముండెను. ఆయన చేసినది తరగతి బోధన కాదు. కలిసి యుండుట, మాటలాడుట, ఉచ్చారణ సవరించుట, నుడికారము చూపుట. విద్యార్థికి ఏమి వచ్చునో, ఏమి రాదో ముందెరిగి, రానిదానినే చెప్పుట – ఇదే ఆయన పద్ధతి యనవచ్చును. 1910లో పుదుచ్చేరి చేరిన అరవిందులు, ఆ రోజులలో జాతీయవిద్యను గూర్చి వ్రాసిన వ్యాసములలో, గురువు పని విషయమును తలలోనికి దూర్చుట కాదనియు, శిష్యుడు తానుగా నేర్చుటకు తోడ్పడుటయనియు వాదించిరి. ఆ వాదమునకు బరోడాలోని ఆ సహవాసమును ఒక మూలమేమో. 1943లో ఆశ్రమమున ప్రారంభమై, 1959లో అంతర్జాతీయ విద్యాకేంద్రమను పేరు దాల్చిన పాఠశాలలో గణితమును, శాస్త్రములను ఫ్రెంచిలో చెప్పు సంప్రదాయమేర్పడెను. పరభాషను పాఠముగా కాక పనిముట్టుగా వాడించుటకు అది మంచి నిదర్శనము.

కేంబ్రిడ్జిలో బెంగాలీకి పట్టిన గతియే విశాఖపట్టణమున తెలుగునకు పట్టెను. 1907 ప్రాంతమున పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఏ. యేట్స్ దొర తెలుగు నేర్వబూనెను. బడిపుస్తకమున ఒక తెలుగు, బండివాని నోట మరియొక తెలుగు వినబడగా, ఈ రెంటికి ఇంత భేదమేల యని ఆయన పండితులను ప్రశ్నించెను. ఆ ప్రశ్న గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి పంతులుగార్లను కదల్చెను. వ్యావహారిక భాషోద్యమము సాగెను. ఈ పంక్తుల భాషయు ఆ వాదము పరిధికి వెలుపలిది కాదన్నది వేరే సంగతి! ఇచట ముఖ్యమైనది ఒకటి: ఆ ప్రశ్న తెలుగు బిడ్డల గురువులకు అంతవరకు తోచలేదు. భేదము లేక కాదు. వారు ఆ భేదములోనే పెరిగినందున అది కంటికానలేదు.

గిడుగువారి మాట మరికొంత చెప్పవలెను. పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడుగా నుండి ఆయన కొండసవరల భాషను వారి నోట విని నేర్చెను, వారి పిల్లలకు బడులు పెట్టించెను, పాఠములు వ్రాసెను. 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణము అనేక సంవత్సరముల శ్రమ. తెలుగు లిపిలో ఇమడని ధ్వనులను గుర్తించుటకు ఆయన తన చెవినే మొదట మార్చుకొనవలసివచ్చెను. పిల్లవాడు తప్పు పలికెనని దండింపక, తాను తప్పు వినుచున్నానేమోయని శంకించిన గురువులు అరుదు.

కేంద్రప్రభుత్వోద్యోగులకు ఈ విషయము బొత్తిగా పరాయిది కాదు. 1952లో మొదలైన హిందీ తరగతులు 1955 నుండి హోంశాఖ క్రింద సాగి, ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ పరీక్షల రూపమున నడివయసు గుమాస్తాలను కూడ బల్లలమీద కూర్చుండబెట్టెను. హిందీలో ‘శిక్షా’ యనగా విద్య. తెలుగులో శిక్ష యనగా దండనము. సాయంకాలము కచేరీ ముగిసిన పిమ్మట ఆ తరగతులకు పోయినవారిలో కొందరు ఈ రెండర్థములకు భేదము కానక తికమకపడిరని చెప్పుకొనుట కద్దు. హాస్యమటుంచి, ‘ఉపన్యాస్’ అనగా హిందీలో నవల యనియు, తమిళమున ‘అవసరం’ అనగా తొందర యనియు గురువు మొదటిదినమే ఎరిగియుండినచో విద్యార్థికి ఎంత శ్రమ తప్పును! రూపమొకటియై అర్థము వేరైన మాటలే పరభాషలో గోతులు.

ఉద్యోగరీత్యా పుదుచ్చేరి వంటి చోటులకు వచ్చిన తెలుగువారి బిడ్డలకు ఆదివారములందు తెలుగు చెప్పబూనువారి సంగతి ఇక మిగిలినది. సాధారణముగా ఆ పని సంఘములో తీరికగలవారిపై పడును. ఆ బిడ్డ ఇంట తెలుగు వినును, వీధిలో తమిళమాడును, బడిలో ఇంగ్లీషు చదువును. ‘ఆకు’ అని వ్రాసినదానిని ‘ఆగు’ అని చదివినపుడు దానికి చెవుడని గాని అశ్రద్ధయని గాని అనుకొనరాదు. తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు అక్షరమొక్కటే. రెండచ్చుల నడుమనున్న ఆ యక్షరమును తమిళుడు సరళముగా పలుకును. బిడ్డ చేసినది తప్పు కాదు, ఒక భాష నియమమును మరియొక భాషకు అన్వయించుట. ఫ్రెంచివాడు వచ్చి కూర్చుండినచో చిక్కు వేరు: వానికి ‘మాట’, ‘మాత’ ఒక్కటిగా వినబడును, ‘మనము’, ‘మేము’ అను భేదము వాని భాషలో లేదు, ‘మా ఊరు’ అనవలసినచోట ‘నా ఊరు’ అనును. ఈ రెండవ చిక్కు తమిళ వీధిలో పెరిగిన బిడ్డకు పుట్టదు. ‘నామ్’, ‘నాంగళ్’ అను జంట దానికి ఉగ్గుపాలతో వచ్చినదే. ఒకే పాఠమును ఇద్దరికి ఒకే తీరున చెప్పిన గురువు ఒకనికి తెలిసినదే చెప్పును, ఇంకొకనికి తెలియనిది విడుచును.

అట్టి తరగతిలో తమిళమెరిగిన బాలిక ఒక ప్రశ్న వేయుటకు ఎంతైన అవకాశము కలదు. తమిళమున ‘వందాన్’ పురుషునకు, ‘వందాళ్’ స్త్రీకి, ‘వందదు’ పశువునకు. మూటికి మూడు రూపములు. తెలుగులో నాన్న ‘వచ్చాడు’ సరి. అమ్మ ‘వచ్చింది’, ఆవు ‘వచ్చింది’ – అమ్మకును ఆవునకును ఒకే రూపమేమి, ఇది మర్యాదయేనా యని ఆ పిల్ల అడుగును. ఈ భేదమును ఎన్నడు తలపోయని గురువు అధికప్రసంగమని గద్దించును. తెలిసిన గురువునకు 1858లో అచ్చైన చిన్నయసూరి బాలవ్యాకరణము చదివిన జ్ఞాపకముండును: స్త్రీవాచకమునకు ఏకవచనమున అమహద్రూపము, బహువచనమున మహద్రూపము. ఆ పరిభాష పిల్లకు అక్కరలేదు. ‘అమ్మలు వచ్చారు’, ‘ఆవులు వచ్చాయి’ అని రెండు వాక్యములు నల్లబల్లపై వ్రాసి, పెద్దలయెడ ఒక్క అమ్మకును ‘వచ్చారు’ అనుట కలదని చెప్పి, మీ ఇంట అమ్మమ్మను ఏమని పిలుతురని దానినే అడిగినచో, మిగిలిన పాఠము ఆ పిల్లయే చెప్పును.